పాముకాటు డాక్టరు పుట్టిన ఇల్లు

ఇందులో ఎవరి పేరూ రాయను. ఇక్కడ ఒక మనిషి పేరు పలకాలంటే ముందు అటూ ఇటూ చూసుకునే రోజులు వచ్చాయి, ఇక కాగితం మీద పెట్టటం ఇంకా పెద్ద మాట. తెలుగులో రాస్తున్నాను గనక కాస్త ధైర్యం. యాంగోన్‌లో, అదే మన పెద్దలు రంగూన్ అనే ఊళ్ళో, తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలానే ఉన్నాయి గాని, చదవగలిగినవాళ్ళు ఏ కొద్దిమందో. నేను ఇక్కడి పజుండౌంగ్ పేటలో ఒక చిన్న ప్రెస్సులో పెళ్ళికార్డులూ, గుడి ఉత్సవాల కరపత్రాలూ కంపోజ్ చేస్తాను. తెలుగు కార్డులు ఏడాదికి నాలుగైదు వస్తే ఎక్కువ. ఈ అక్షరాలు మర్చిపోకుండా ఉన్నానంటే ఆ పెళ్ళిళ్ళ పుణ్యమే.

చెప్పదలచింది మా అత్త గురించి, ఆమె ఉంటున్న ఇంటి గురించి. అత్త అంటే మా నాన్న చెల్లెలు. భర్త పోయి ఇరవై ఏళ్ళు దాటింది, పిల్లల్లేరు. లుంగీలు కుట్టి ఇస్తూ ట్వంటేలో ఒక్కతే ఉంటుంది. యాంగోన్‌లో మేముండే తాకేటా పేట నుంచి అక్కడికి వెళ్ళాలంటే బస్సులో రేవుకి వెళ్ళి, ఫెర్రీ ఎక్కి నది దాటి, అవతల మళ్ళీ బస్సెక్కాలి. కాలువ, వరిచేలు, కుండలు చేసే పాకలు, ఒక బజారు. ఊరంతా కలిపి అంతే.

మా తాత యాంగోన్ రేవులో బస్తాలు మోసేవాడు. ధాన్యం పడవలతోపాటు ట్వంటే వచ్చిపోతూ అక్కడ ఒక బర్మా షాపుకారు దగ్గర పనికి కుదిరాడు. మామ్మ ఆ ఇంట్లోనే వడ్లు దంచేది, నీళ్ళు మోసేది. కొన్నేళ్ళకి షాపుకారు కొట్టు మూసేసి, కుటుంబంతో యాంగోన్ వెళ్ళిపోతూ, ఇల్లు కనిపెట్టుకుని ఉండమని తాతకి అప్పగించాడు. కాగితాలు ఆయన పేరుమీదే ఉండిపోయాయి. నోటిమాట మీద దక్కిన ఇల్లు అది. మా నాన్న, అత్త అక్కడే పుట్టి పెరిగారు. నా బడి సెలవులన్నీ ఆ ఇంటి చెక్క మెట్ల మీదే గడిచాయి.

ఆ షాపుకారు తమ్ముడు కూడా అప్పట్లో అదే ఇంట్లో ఉండేవాడు, అతని కొడుకు చదువుకుని డాక్టరయ్యాడు. డెల్టా ఊళ్ళలో నాట్లప్పుడూ కోతలప్పుడూ పాముకాటుకి ఎంతమంది పోయేవారో ఆ చేలల్లో వంగి పనిచేసినవాళ్ళని అడిగితే తెలుస్తుంది. ఆయన ఆస్పత్రిలో కుర్చీకి అతుక్కుని ఉండలేదు. పెట్టెలో మంచుగడ్డల మధ్య మందు పెట్టుకుని పడవ మీద ఊరూరా తిరిగాడు. కాటు పడిన కాలికి తాడు బిగించకండి, కత్తితో కొయ్యకండి, మనిషిని కదపకుండా పడవెక్కించండి అని రేడియోలో చెప్పేవాడు. మా చిన్నతనంలో ఆ గొంతు వినిపించని ఇల్లు లేదు. అందరూ ఆయన్ని ‘సయా’ అనేవారు. బర్మా భాషలో గురువుకీ వైద్యుడికీ అదే మాట.

పది పన్నెండేళ్ళ కిందట, రోజులు కాస్త తెరిపిచ్చిన కాలంలో, ట్వంటే పెద్దలకి ఒక ఆలోచన వచ్చింది. తమ ఊళ్ళో పుట్టి దేశమంతా పేరు తెచ్చుకున్నవాళ్ళు ముగ్గురున్నారు కదా అనుకున్నారు. ఒకరు ఎప్పుడో పోయిన సంగీత విద్వాంసుడు, ఒకరు బాక్సరు, మూడో ఆయన మా డాక్టరు. ముగ్గురూ పుట్టిన ఇళ్ళకి టేకు చెక్క మీద అక్షరాలు చెక్కించి బోర్డులు పెడదామన్నారు. డాక్టరు పుట్టింది ఏ ఇంట్లో అని అడుగుతూ మామ్మ దగ్గరికి వచ్చారు. మామ్మకి అప్పటికి ఎనభై దాటాయి. ఇదే ఇల్లు, ఆ మూల గదిలో అని చూపించింది.

బోర్డు పెట్టిన రోజు నేనూ ఉన్నాను. డాక్టరు వచ్చాడు. తెల్ల చొక్కా, ముదురు లుంగీ, చేతిలో మడిచిన గొడుగు. కుర్చీ వేస్తే కూర్చోకుండా మామ్మ పక్కన చాప మీద చతికిలబడ్డాడు. నేను టీ పోస్తున్నాను.

“అమ్మా, నేను పుట్టింది ఈ ఇంట్లోనే కదా?” అని అడిగాడు.

మామ్మ ఆయన మొహంలోకి చూడకుండానే, “అవును బాబూ, ఆ గదిలోనే” అంది.

ఆయన కాసేపు మామ్మ చేతులకేసి చూశాడు. “నువ్వు చెప్తే అంతే” అని టీ గ్లాసు అందుకున్నాడు. పెద్దవాళ్ళ ముచ్చట అనుకున్నాను నేను.

ఆ తర్వాత ఏటా చలికాలంలో టీచర్లు పిల్లల్ని వెంటబెట్టుకుని మూడిళ్ళూ చూపించేవారు. మామ్మ ఉన్నంత కాలం మామ్మ, ఆమె పోయాక అత్త, మూల గది తలుపు తీసి, చాప ఎక్కడ పరిచారో, కిటికీ ఎటు తెరిచి ఉందో చెప్పేవారు. రెండు మూడుసార్లు నేను కూడా చెప్పాను. పిల్లలు నోరు తెరుచుకుని వినేవారు.

తర్వాత కాలం తిరగబడింది, పగ్గాలు మళ్ళీ సైన్యం చేతికి వచ్చాయి. ఎలా తిరగబడిందో అందరికీ తెలుసు, మళ్ళీ చెప్పను. రోజూ సాయంత్రం టీవీలో కొందరి ఫొటోలు చూపించి, పేర్లు చదివి, వీళ్ళు కావాలి అని చెప్పే రోజులు మొదలయ్యాయి. ఒక సాయంత్రం ఆ వరసలో డాక్టరు ఫొటో వచ్చింది. ఊరేగింపుల్లో దెబ్బలు తగిలినవాళ్ళకి కట్లు కట్టాడట. మా ఆయన లేచి టీవీ శబ్దం తగ్గించాడు. నాకు ముందు గుర్తొచ్చింది ఆ ముసలాయన ఎక్కడ తలదాచుకున్నాడో అన్న సంగతి కాదు. ట్వంటే ఇంటి గుమ్మం పక్కన ఆయన పేరు చెక్కిన బోర్డు. ఇది చెప్పుకోవటానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. జరగకపోవటం ఇంకా కష్టంగా ఉండేది. ప్రెస్సులో కూర్చుని ఒకే వరస రెండుసార్లు పేర్చేదాన్ని. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. ఒక రోజు పదకొండింటికి అత్త ఫోన్ చేసింది. ఫోన్‌లో ఎవరూ ఏదీ సూటిగా మాట్లాడరు, అత్తకీ ఆ సంగతి తెలుసు.

“బాక్సరు ఇంటికి జొరమొచ్చింది గుంటా. మనకీ అంటుకునీలాగుంది” అంది.

బాక్సరు కూడా అంతకు ముందు వారం సైన్యాన్ని తిడుతూ ఏదో రాశాడని, ఆయన పేరూ టీవీలో చదివారని విన్నాను. ఆయన పుట్టిన ఇంట్లో వాళ్ళక్క, బావ ఉంటారు. ఇల్లు ఇంకా వాళ్ళ నాన్న పేరుమీదే ఉంది. అయినా పొద్దున్నే సైనికుల లారీ వచ్చిందట. అన్నం ఉడికేంత సేపు కూడా ఇవ్వలేదట. మొగుడూ పెళ్ళాం చేతికందిన బట్టలతో బయటికొస్తే, తలుపుకి తాళం వేసి, ఇల్లు జప్తు చేశామని కాగితం అంటించి వెళ్ళిపోయారు. పొయ్యి మీద గిన్నె పొయ్యి మీదే ఉండిపోయింది. అత్త వీధి చివర నిలబడి మాడు వాసన పీల్చింది. ఇదంతా నేను వెళ్ళాక చెప్పింది.

మర్నాడు సెలవు పెట్టి బయల్దేరాను. వద్దని మా ఆయన చాలా చెప్పాడు, నేను వినకపోతే ఫోన్ చేతిలోకి తీసుకుని అందులో ఏమున్నాయో చూడమన్నాడు. దారిలో ఆపి ఫోన్లు వెతుకుతున్నారు. బోర్డు పెట్టిన రోజు తీసిన ఫొటో ఉంది. డాక్టరు, మామ్మ, వెనక టీ కెటిల్‌తో నేను. తీసేశాను. తీసేసినవి దాక్కునే చోటు ఫోన్‌లో ఇంకొకటి ఉంటుందట, అందులోంచి కూడా తీసేశాను. మామ్మ ఫొటో నా దగ్గర ఇంకొకటి లేదు.

ఫెర్రీలో జనం ఎప్పటిలాగే పడవ వెంట ఎగిరే తెల్లపిట్టలకి అటుకులు విసురుతున్నారు. అవతల బస్సెక్కాక ఒకచోట ఆపారు. అందర్నీ దింపారు. తుపాకీ పట్టుకున్నవాడు నా గుర్తింపు కార్డు తిప్పి తిప్పి చూసి, ట్వంటేలో ఏం పని అని అడిగాడు. అత్తకి ఒంట్లో బాగోలేదు అన్నాను. నా గొంతు నాకే వేరేవాళ్ళ గొంతులా వినిపించింది. ఫోన్ అడగలేదు. కార్డు ఇచ్చేసి ఎక్కమన్నాడు. 

ఇల్లు చేరేసరికి అత్త వసారాలో కుట్టుకుంటూ ఉంది. నన్ను చూసి లేవలేదు. లోపలికి పద అని కళ్ళతోనే చెప్పింది. గుమ్మం పక్కన బోర్డు అలాగే ఉంది, దుమ్ము పట్టి.

ముందు ఆ బోర్డు తీసేద్దాం అన్నాను. ఇన్నేళ్ళు వీధంతా చూసిన బోర్డు, ఇప్పుడు తీస్తే భయపడి తీశామని వీధివాళ్ళే చెప్తారు అంది అత్త. ఉంచితే ఇంకా ప్రమాదం అన్నాను. అలా గంటసేపు వాదించుకుని, చివరికి స్టూలు వేసి నేను ఎక్కాను. నాలుగు మరల్లో రెండు ఊడదీసేసరికి ఎదురుగా మోటారుసైకిల్ ఆగింది. నేను స్టూలు మీంచి దూకినంత పని చేసి లోపలికి పరిగెత్తాను. వచ్చినవాడు పక్కింటికి మంచుగడ్డ తెచ్చిన మనిషి. కానీ ఆ తర్వాత మళ్ళీ స్టూలెక్కే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. బోర్డు ఒక పక్కకి వాలి వేలాడుతోంది. తీయబోయి ఆపామని దారినపోయేవాడికి కూడా తెలిసేలా ఉంది.

అప్పుడు అత్త నన్ను మూల గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

“నీకు తెల్దు గాని, ఆ సయా ఈ ఇంట్ల పుట్టనేదే” అంది.

అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను. అత్త చాప మీద కూర్చుని, వాళ్ళమ్మ తనకి చెప్పినదంతా చెప్పింది. డాక్టరు తల్లి నెలలు నిండి ఉన్నప్పుడు నీళ్ళకుండ కొనుక్కుంటానని కుమ్మరి వీధికి బయల్దేరిందట. తోడుగా మామ్మ వెళ్ళింది. అక్కడ నొప్పులొచ్చేశాయి. ఇంటికి తెచ్చే వ్యవధి లేదు. పచ్చికుండలు ఆరబెట్టిన పాకలో, గడ్డి మీద ప్రసవమైంది. బొడ్డు కోసింది మామ్మే. బిడ్డని గుడ్డలో చుట్టి సాయంత్రానికి ఈ ఇంటికి తెచ్చారు.

మరి మామ్మ ఈ ఇల్లని ఎందుకు చెప్పింది అని అడిగాను. షాపుకారు మనవలు ఇల్లు అమ్ముకుంటామని, ఖాళీ చెయ్యమని అప్పటికి రెండుసార్లు కబురు పెట్టారట. డాక్టరు పుట్టిన ఇల్లు అని బోర్డు పడితే అమ్మటానికి సిగ్గుపడతారని మామ్మ ఆశ. అలాగే జరిగింది. మళ్ళీ వాళ్ళు ఆ ఊసెత్తలేదు. డాక్టరుకి తను ఎక్కడ పుట్టాడో వాళ్ళమ్మ చెప్పకుండా ఉంటుందా? అన్నీ తెలిసే ఆయన ఆ రోజు చాప మీద కూర్చుని అడిగాడు, మామ్మ మాటకి తలూపి వెళ్ళాడు.

నేను బడి పిల్లలకి కిటికీ చూపించి చెప్పిన మాటలన్నీ గుర్తొచ్చాయి. కానీ అది బాధపడే సమయం కాదు. నాకు ఒకటే తట్టింది. ఇది చెప్తే ఇల్లు మిగులుతుంది. కాగితాలు డాక్టరు పేరుమీద లేవు. ఆయన పుట్టాడన్న ఒక్క మాటే ఈ ఇంటికి ఆయనతో ఉన్న ముడి. అది ఊడిపోతే వాళ్ళకి ఈ ఇంటితో పనేముంది?

ఆ మాటే అత్తకి చెప్పాను.  నేను ఆ రాత్రికి ఉంటున్నాను గనక వార్డు ఆఫీసులో రాయించి రావాలని అత్త లేచింది. ఇంటికి చుట్టం వచ్చి ఉంటే పేరు రాయించటం ఇప్పుడు తప్పనిసరి. పోయి అరగంటలో తిరిగొచ్చింది. మొహం పాలిపోయి ఉంది. పుస్తకంలో నా పేరు రాసుకున్న గుమాస్తా, యాంగోన్ నుంచి ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు అని అడిగిందట. కొత్తగా వచ్చిన పెద్ద ఆఫీసరు లోపలి గదిలోంచి వింటున్నాడట. రేపు తొమ్మిదింటికి ఇంటి కాగితాలు తీసుకుని మీరిద్దరూ రావాలి అని ఆయన కబురు. నేను రాకపోయి ఉంటే ఆ పిలుపు వచ్చేదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇద్దరం ఏమీ తినలేదు. తెల్లవారేలోగా నేను అత్తకి ఒకటే మాట నాలుగైదు విధాల చెప్పాను. అబద్ధం చెప్పమనటం లేదు, ఉన్నదే చెప్పమంటున్నాను అని. కుమ్మరి వీధి పాక పేరు చెప్తే ఆ పాకలో ఉన్నవాళ్ళకి ఏమవుతుందన్న ఊహ నాకు రాలేదంటే అది అబద్ధం. వచ్చింది. దాన్ని పక్కకి తోసేశాను. పాకకి తాళం వేసి ఏం చేసుకుంటారులే అనుకున్నాను.

వార్డు ఆఫీసుకి దగ్గర దారి కుమ్మరి వీధిలోంచే. అత్త కాగితాల సంచి చంకలో పెట్టుకుని ముందు నడుస్తోంది. ఆ పాక ముందుకి వచ్చేసరికి అందులో ఒక బర్మా ఆమె సారె తిప్పుతూ కనిపించింది. నలభై ఏళ్ళుంటాయేమో. బుగ్గల మీద, బర్మా ఆడవాళ్ళు చెక్క అరగదీసి పూసుకునే ‘తనకా’ గంధం ఆరి పగుళ్ళు వేసి ఉంది. పక్కన ఇద్దరు ఆడపిల్లలు పచ్చికుండలకి అడుగు తట్టుతున్నారు. మమ్మల్ని చూసి ఆమె చేతులు ఆపింది. సారె దానంతటదే తిరిగి తిరిగి ఆగిపోయింది. పొద్దున్నే ఎక్కడికని పలకరించలేదు. అత్త కూడా పలకరించలేదు. నేను తల దించుకుని దాటేశాను.

ఆఫీసులో గంటన్నర బెంచీ మీద కూర్చోబెట్టారు. తర్వాత లోపలికి పిలిచారు. ఆఫీసరు వయసులో ఉన్నవాడే, నున్నగా దువ్విన తల, బల్ల మీద రెండు ఫోన్లు. కాగితాలు చూశాడు. ఇల్లు ఎవరిదని, మీరెందుకు ఉంటున్నారని, డాక్టరుకి మీరేమవుతారని అడిగాడు. అత్త అన్నిటికీ నెమ్మదిగా చెప్పింది. ఆయన చివరిసారి ఎప్పుడొచ్చాడన్నాడు. బోర్డు పెట్టిన రోజు అంది. నా వైపు తిరిగి నువ్వు ఆయన్ని చూశావా అన్నాడు. చూడలేదు అన్నాను.  ఆ ఫొటో ఊళ్ళో ఇంకెవరి దగ్గరైనా ఉంటే నా పని అయిపోయినట్టే.

అప్పుడు ఆయన కాగితాలు మూసి, “వాడు పుట్టింది మీ ఇంట్లోనేనా?” అని అడిగాడు.

 నేను ఆమె మోచేతిని నా మోచేత్తో నొక్కాను. చెప్పు అని.

“కాదు” అంది అత్త. “మా అమ్మ అబద్ధం చెప్పింది. ఇల్లు పోకుండా ఉంటుందని చెప్పింది. ఆయన పడవలో పుట్టాడు. వాళ్ళమ్మని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే కాలువ మధ్యలో పుట్టాడు. అమ్మే బొడ్డు కోసింది.”

నేను తల తిప్పకుండా గోడకేసి చూస్తూ ఉండిపోయాను. ఆఫీసరు ఏ పడవ అన్నాడు. ఎవరిదో ధాన్యం పడవ, ఆ పడవ ఎప్పుడో పాడైపోయి ఉంటుంది, అమ్మ కూడా పోయింది అంది. ఎందుకిన్నాళ్ళూ చెప్పలేదన్నాడు. బడిపిల్లల ముందు చెప్పటానికి మొహం చెల్లలేదు అంది. ఆయన నన్ను అడిగాడు, నీకు తెలుసా అని. నిన్ననే తెలిసింది అన్నాను. ఆ గదిలో నేను చెప్పిన నిజం అదొక్కటే.

ఆయనకి నవ్వొచ్చింది. ఊరు ఊరంతా ఒక ముసలమ్మ మాట నమ్మి బోర్డు పెట్టిందన్నమాట అని గుమాస్తా వైపు చూశాడు. ఆమె కూడా నవ్వింది. అదంతా కాగితం మీద రాయించి, చదివి వినిపించి, అత్త చేత సంతకం పెట్టించాడు. బోర్డు సాయంత్రంలోగా ఇక్కడికి తెచ్చి పడెయ్యండి, ఇంటి సంగతి తర్వాత చూస్తాం అన్నాడు. ఆ ‘తర్వాత’ అన్న మాట మా వెంట ఇంటికొచ్చింది.

తిరిగి వస్తూ నేను అత్తకి నాలుగడుగులు వెనకే నడిచాను. నాకు కోపం వచ్చింది, ఎందుకో నాకే తెలియదు. చివరికి ఆగలేక పడవ ఎందుకు చెప్పావని అడిగాను.

“ఏటి సెప్పమంటావు? ఆ పాకల ఇద్దరు గుంటలున్నారు. కాలవకైతే తాళం ఎయ్యనేరు గదా” అంది అత్త.

ఆ మాట విన్నాక నేను వీధిలోనే ఆగిపోయాను. అత్త ఆగలేదు. కుమ్మరి పాక ముందు నుంచి వెళ్తూ ఒక్కసారి అటు చూసి తలాడించి, ముందుకి సాగిపోయింది.

ఆ సాయంత్రం మిగిలిన రెండు మరలూ ఊడదీసి, బోర్డుకి గోనెసంచి చుట్టి, సైకిల్ రిక్షాలో వేసుకుని ఆఫీసు వెనక చెత్తకుప్ప పక్కన పడేసి వచ్చాం. బోర్డు ఉన్న చోట గోడ లేత రంగులో మిగిలిపోయింది. దాని మీద అత్త తడిగుడ్డ ఆరేసింది.

నేను యాంగోన్ వచ్చేశాను. అసలు భయం అప్పుడు మొదలైంది. సంతకం పెట్టిన కాగితం ఎవరెవరి చేతులు మారుతోందో తెలియదు. కుమ్మరి వీధిలో ఇంకెవరైనా ముసలివాళ్ళకి అసలు సంగతి గుర్తుంటే? వాళ్ళు ఏ టీ కొట్టులోనో నోరుజారితే? అప్పుడు పోయేది ఇల్లొక్కటే కాదు, అత్తని తీసుకుపోతారు. రోజూ పొద్దున్న ఏడింటికి అత్త ఫోన్ చేసేది. “లేచినాను” అనేది అంతే. ఒక రోజు ఏడున్నరైనా ఫోన్ రాలేదు. నేను చేస్తే అసలు మోగనే లేదు. ఎనిమిదింటికి ప్రెస్సుకి వెళ్ళకుండా రేవు దారి పట్టాను. ఫెర్రీ టికెట్ వరసలో ఉండగా పక్కింటివాళ్ళ ఫోన్ నుంచి అత్త చేసింది. తన ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయిందట, ఆ పూట కరెంటు లేదట. నేను వరసలోంచి తప్పుకుని గోడకి ఆనుకుని ఏడ్చాను. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ ఏమైందని అడగలేదు. ఈ రోజుల్లో ఏడ్చేవాళ్ళని అడగరు.

మూడు వారాలయ్యాక ఇద్దరు వచ్చి ఇల్లు బయటి నుంచి కొలిచారట. లోపలికి రాలేదు. అత్త మెట్ల మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించటానికి ప్రయత్నిస్తూనే ఉందట, వాళ్ళు వెళ్ళేదాకా ఎక్కలేదట. ఆ తర్వాత ఎవరూ రాలేదు. నెలలు గడిచాయి. ఆ ఆఫీసరుని ఇంకెక్కడికో మార్చారని తెలిసింది. మా కాగితం ఏ బీరువాలో ఉందో గాని ఇంతవరకూ బయటికి రాలేదు. బాక్సరు ఇంటి తాళం మాత్రం ఇంకా అలాగే ఉంది. వాళ్ళక్క, బావ ఊరొదిలి వెళ్ళిపోయారు.

ఆ వానాకాలం పోయాక ట్వంటే వెళ్ళినప్పుడు అత్త నన్ను కుమ్మరి వీధికి పంపింది, మూకుడు ఒకటి తెమ్మని. వెళ్ళబుద్ధి కాలేదు. వెళ్ళాను. సారె దగ్గర ఆమె ఒక్కతే ఉంది. మూకుడు ఏరి గడ్డితో చుట్టి ఇస్తూ, తల ఎత్తకుండానే మాట్లాడింది.

“ఆ రోజు మీరిద్దరూ సంచి పట్టుకుని వెళ్ళారు కదా, అప్పుడే నేను పిల్లల బట్టలు మూట కట్టేశాను.”

ఎందుకని అడిగాను. 

డాక్టరు ఈ పాకలోనే పుట్టాడని వాళ్ళ అత్తగారు చెప్పేదట. సంగతి మా అత్తకి తెలుసని కూడా ఆమెకి తెలుసట. డాక్టరు ఫొటో టీవీలో వచ్చిన రోజు నుంచి ఆమె కూడా మాలాగే లారీ చప్పుడుకి చెవులొగ్గి బతికింది. ఏ ఊరికి పోవాలో తెలియదు. మూట గుమ్మం దగ్గర పెట్టుకుని, పిల్లలిద్దరికీ చెప్పులు తొడిగించి, మేము తిరిగొచ్చేదాకా పాక వెనక కూర్చున్నారట. అత్త తలాడించటం చూశాక చెప్పులు విప్పించిందట.

“మీ అత్త అక్కడ ఏం చెప్పిందో నేను అడగలేదు. నువ్వూ చెప్పకు” అంది.

నేను చెప్పలేదు. దానితోపాటు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఆ పాక సంగతి చెప్పమని తెల్లవార్లూ పోరింది నేనేనని. ఆమె మొహం చూస్తూ అది చెప్పటానికి నాకు నోరు రాలేదు. మూకుడు తీసుకుని వచ్చేశాను. ఇక్కడ రాస్తున్నాను గాని, ఆమెకి ఈ అక్షరాలు రావు. అందుకే రాయగలుగుతున్నానేమో కూడా.

డాక్టరు ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. సరిహద్దు దాటాడని కొందరంటారు. ఆ వయసులో అడవి దారిన ఎలా దాటుతాడని మా ఆయన అంటాడు. అత్త ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి వేరే గదిలోకి వెళ్ళిపోతుంది.

తాకేటా వచ్చి మాతో ఉండమంటే అత్త వినటం లేదు. ఇల్లు ఖాళీగా కనిపిస్తే వాళ్ళకి గుర్తొస్తుందని ఆమె భయం. అందుకని నెలకొకసారి నేనే వెళ్తాను. వెళ్ళగానే వార్డు ఆఫీసుకి పోయి చుట్టాల పుస్తకంలో పేరు, ఊరు, వచ్చిన పని రాయాలి. గుమాస్తా ఆమే. నన్ను గుర్తుపడుతుంది గాని గుర్తుపట్టినట్టు కనిపించదు. ఎన్ని రోజులు అని అడుగుతుంది. ఒక్క రోజే అంటాను. ఆమె ముద్ర వేసేదాకా పెన్ను నా చేతిలోనే ఉంటుంది, తడిచిపోయి.